దరఖాస్తులో ఆ ఒక్క పేజీ

పోయిన ఆదివారం మా చెల్లెలి కూతురు కీర్తన ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఫోను నా చేతిలో పెట్టింది. బి.ఎస్సీ. నర్సింగ్ ముగించి ఏడాదిన్నరగా ఇక్కడే నంద్యాలలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్న పిల్ల. సెలవుకు ఇంటికి పోయి వస్తోంది. ఇప్పుడు ఎమ్మెస్సీకి దరఖాస్తు పెడుతోంది. "అన్నీ నింపినా పెద్దమ్మా. ఈ ఒక్కదాని కాడ నిలబడిపోయినా" అంది. చూస్తే ఒక ఖాళీ గడి. ఈ చదువు మీకెందుకు కావాలో మీ మాటల్లో రాయండి అని దాని పైన ఇంగ్లీషులో ఉంది. "మీ కాలంలో ఇట్లాంటివి ఉండేవి కాదేమో లే" అని తనే జవాబు కూడా చెప్పుకుంది. ఉండేదని చెప్పాను. గడి కాదు, ఒక పూర్తి పేజీ. ఆ పేజీ గురించే మీ తాత నన్ను జీవితంలో ఒకే ఒక్కసారి కోప్పడ్డాడని కూడా చెప్పాను. కీర్తన పుట్టేనాటికి ఆయన లేడు. పిల్ల ఫోను పక్కన పెట్టి కింద చాప మీద కూర్చుంది. ఆరోజు తనకు చెప్పిందే ఇంకొంచెం నిదానంగా ఇక్కడ రాస్తున్నాను.

మా నాయన పేరు దేవదానం. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో పని. విగ్రహానికి కన్నూ ముక్కూ తీర్చేది షెడ్డు యజమాని ఆచారి, ఆయన తమ్ముళ్లు. అంతకు ముందు బండను కొట్టి మనిషి ఆకారానికి దగ్గరగా తెచ్చే మోటు పని చేసేదీ, అంతా అయ్యాక గరుకు రాయితో రుద్ది నునుపు పట్టేదీ మా నాయన, ఇంకో పదిమంది. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి, సోమవారం నుంచి శనివారం దాకా దేవతలకు భుజాలు తీసేవాడు. ఎవరైనా ఎకసెక్కంగా అడిగితే "నాది రాతిపని. మొక్కేది వాళ్ల పని. దీంట్లో ఏముందప్పా?" అనేవాడు. పొద్దుగూకే వేళకు ఇంటికి వచ్చేటప్పుడు కనుబొమల దాకా బూడిదరంగు. నేరుగా దొడ్లోకి పోయి తొట్టి పక్కన వంగేవాడు, అమ్మ చెంబులతో నీళ్లు పోసేది. ఎండకు కాగిన రాయి మీద నీళ్లు చల్లితే వచ్చే వాసన ఒకటుంది, మా ఇంట్లో సాయంకాలమంటే ఆ వాసనే. స్నానం నీళ్లు పారిన చోట మట్టి గట్టిపడి గచ్చులాగా అయిపోయింది. తరువాత చెంబెడు మజ్జిగ తాగి, మా పలకలో పుస్తకాలో ఏది చేతికందితే దాని అంచు మీద బొటనవేలు నడిపేవాడు. కొత్త బెంచీ, కొత్త చెప్పు, పెళ్లిచూపుల్లో ఇచ్చిన స్టీలు గ్లాసు, ఏదైనా సరే ఆ వేలు దాని మీద ఒకసారి పోవాల్సిందే. ఎక్కడైనా గరుకు తగిలితే "ఈడ తొందరపడినాడు" అనేవాడు, ఆ వస్తువు చేసిన మనిషి ఎదురుగా ఉన్నట్టు.

ఆయన దగ్గు మాకు గడియారం. సందు మొదట్లో దగ్గు వినపడగానే అమ్మ సంగటి కుండ కింద మళ్లీ మంట ఎగదోసేది. అది జబ్బని మాలో ఎవరికీ తోచలేదు. షెడ్డులో పనిచేసే అందరూ దగ్గేవాళ్లు. రాయి కొట్టేవాళ్లు దగ్గుతారు, అంతే అనుకున్నాం. నర్సింగు చదివి, నంద్యాలలో ఆసుపత్రిలో చేరి, ఊపిరితిత్తుల వార్డులో నాలుగు నెలలు పనిచేశాక గానీ ఆ దగ్గు నా చెవికి వేరేగా వినపడలేదు. అప్పటినుంచి ఎక్స్‌రేకు రమ్మని నేను అడగడం, "పండగ పోనీ", "ఈ పెద్ద విగ్రహం దించనీ" అని ఆయన దాటేయడం.

పైచదువు ఉంటుందన్న సంగతి కూడా నాకు మా మేట్రనమ్మ చెబితేనే తెలిసింది. ఒకరోజు రౌండ్లు అయ్యాక పిలిచి, "నువ్వు ప్రతిదానికీ ఎందుకని అడుగుతాంటావు. అట్లా అడిగేవాళ్లు ఇంకా చదవాల" అని, దూరపు ఊళ్లో ఉన్న ఒక పెద్ద కాలేజీకి ఉత్తరం తనే రాసింది. ఊళ్లల్లో జనం ఆరోగ్యం గురించి నర్సులకు నేర్పే ఎమ్మెస్సీ అది. దరఖాస్తు ఫారం పోస్టులో వచ్చిన రోజు దాన్ని ముట్టుకోవడానికి చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. ప్రవేశ పరీక్ష, మూడు రోజుల ఇంటర్వ్యూ, ఇద్దరు పెద్దల సిఫారసు ఉత్తరాలు, ఏడాది పనిచేసినట్టు కాగితం, చివర్న ఆ ఒక్క పేజీ. మధ్యాహ్నం డ్యూటీ దిగాక ఆసుపత్రి మిద్దె మీద, ఆరేసిన దుప్పట్ల వరుసల మధ్య నీడ చూసుకుని కూర్చుని చదివేదాన్ని. గంజి పెట్టిన బట్ట ఎండకు ఎండే వాసన, కింద వార్డుల నుంచి ఫినాయిలు వాసన. మేట్రనమ్మ ఇచ్చిన పాత పుస్తకాల్లో ఎవరో ఎర్ర సిరాతో గీతలు గీశారు. వాళ్లు ఎక్కడ ఆగి ఆలోచించారో చూసి నేనూ అక్కడ ఆగేదాన్ని. నాతో పనిచేసే రజియా దుప్పట్లు మడుస్తూ ప్రశ్నలు వేసేది. జవాబు తప్పితే ఆమె వంతు దుప్పటి కూడా నేనే మడవాలి. సగటులూ శాతాలూ వచ్చేసరికి ఆ మిద్దె మీది దుప్పట్లన్నీ నేనే మడిచాను.

సెలవు దొరికినప్పుడు ఆళ్లగడ్డకు పోతే అక్కడ ఇంటర్వ్యూ. నాయన ఉతికిన చొక్కా తొడుక్కుని కుర్చీ వాకిట్లోకి లాక్కుని కూర్చునేవాడు. "చెప్పు. మా కాలేజీకి ఎందుకొస్తాండావ్?" నేను ఇంగ్లీషులో జవాబు చెప్పాలి. ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా కళ్లు మూసుకుని చివరిదాకా విని, "నడమ యాడనో తడబడ్నావు. ఆడ నీకే నమ్మకం లేదు. అది మార్చు" అనేవాడు. ఒక్కసారి కూడా ఆయన చెప్పింది తప్పు కాలేదు. నేను తడబడిన చోట నిజంగానే నాకు విషయం తెలియకనో, గొప్పలు చెబుతూనో ఉండేదాన్ని.

ఆ ఒక్క పేజీ మాత్రం ఎవరికీ చూపకుండా రాసుకున్నాను. అందులో మా నాయన గురించే రాశాను. పేదరికం, దుమ్ము, దగ్గు, వైద్యం అందని బతుకు, అన్నీ నాకు తెలిసిన మంచి ఇంగ్లీషు మాటల్లో. రాస్తూ రాస్తూ నాకే కన్నీళ్లు వచ్చాయి. అది చదివితే ఎవరైనా సీటు ఇస్తారనిపించింది. టైపు కొట్టించే ముందు ఇంటికి తీసుకుపోయాను. మా చెల్లెలు దీవెన, కీర్తన వాళ్లమ్మ, అప్పుడు ఇంటర్మీడియెట్. నా సంచిలో కాగితం చూసి, నేను వద్దనేలోపే ఒక్కొక్క వాక్యం తెలుగులోకి మార్చి అందరికీ చదవడం మొదలుపెట్టింది.

"మా నాయన నిస్సహాయుడు..."

"అంటే ఏంది?" అన్నాడు నాయన.

"అంటే... దిక్కులేనోడు."

ఆయన మజ్జిగ చెంబు కింద పెట్టాడు. "ఎవురు రాసినారు అది?"

"నేనే నాయనా."

"నా దగ్గు అమ్ముకోని సీటు తెచ్చుకుంటావా?"

నాకూ రోషం వచ్చింది. "ఉన్నదే కదా రాసినా! నువ్వు దగ్గుతాండేది అబద్ధమా?"

"దగ్గుతాండా. కాదన్లేదు. ముప్పై ఏండ్లుగా రాయి కొడ్తాండా. ఆ షెడ్డులో లేచి నిలబడిన ప్రతి విగ్రహంలో నా చెయ్యుంది. ఆ ఒక్కమాట ఉందా దాంట్లో?"

"పిల్ల మంచికే రాసింది లేయ్యా" అని అమ్మ అడ్డం వచ్చింది.

"మంచికైతే నన్ను అడిగి రాయాల. నేను చేసే పని ఏందో దానికి తెలుసునా? ఎప్పుడన్నా వచ్చి చూసిందా?"

షెడ్డుకు లెక్కలేనన్నిసార్లు పోయాను. క్యారియరు ఇచ్చి గేటు దగ్గర నుంచే తిరిగి వచ్చేదాన్ని. నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని శిరివెళ్ల దాటేదాకా ఆయన మీద కోపంగానే ఉన్నాను. మరుసటి రోజు మిద్దె మీద ఆ పేజీ మళ్లీ చదివాను. మొత్తం పేజీలో మా నాయన ఒక్క పని కూడా చేయలేదు. అన్నీ ఆయనకు జరిగాయి, అంతే. సొంత తండ్రిని అట్లా రాసినందుకు సిగ్గేసింది. కాగితం నాలుగు ముక్కలు చేశాను. గడువుకు ఇంకా మూడు వారాలుంది.

తరువాతి సెలవుకు బస్టాండు నుంచి ఇంటికి పోకుండా నేరుగా షెడ్డుకు పోయాను. నాయన ఒక బండ మీది దుమ్ము తువ్వాలతో తుడిచి, "ఈడ కూచో. మాట్లాడొద్దు. చూడు" అన్నాడు. పొద్దున్నుంచి సాయంకాలం దాకా కూర్చున్నాను. మా నాయన మూడు దెబ్బలు కొట్టి ఆగుతాడని, ఆగిన ప్రతిసారీ రాయికి చెవి దగ్గరగా పెడతాడని అప్పుడే చూశాను. లోపల పగులుంటే రాయి మొద్దుగా పలుకుతుందట. ఆయన ఉలి పోయినచోట ఒక ముంజేయి మెల్లగా బయటపడింది. ఆచారి వాళ్లు కొలతకు రాయి మీద గీసుకునే ఎర్రటి గీత ఒక్కటి కూడా లేకుండా, కేవలం కంటితో. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. అంత పనిమంతుడు మా ఇంట్లో రోజూ సంగటి తిని పడుకుంటున్నాడని నాకు అంతవరకు తెలియదు.

ఇంకా కొన్ని చూశాను. ఉలిపని కంటే నునుపు పట్టేచోట దుమ్ము సన్నగా, ఎక్కువగా లేస్తోంది. నల్లమల వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా ఆ దుమ్మంతా పనివాళ్ల ముఖాల మీదికే వస్తోంది. అన్నం క్యారియర్లు పెట్టే పలక సరిగ్గా దాని పక్కనే ఉంది. జొన్నరొట్టెలో పళ్ల కింద రాయి కరకరలాడితే ఎవరూ ఉమ్మడం లేదు. నేను గడియారం చూసుకుంటూ కూర్చోవడం గమనించి ఒకాయన, "ఏంది సిస్టరమ్మా, మమ్మల్ని లెక్క పెడ్తాండావ్?" అని నవ్వాడు. "మీ ఊపిరి లెక్క పెడ్తాండా అన్నా" అన్నాను. పని ఆపి కూర్చున్న పావుగంటకు కూడా కొందరి ఊపిరి నెమ్మదించలేదు.

మధ్యాహ్నం ఆచారిని అడిగాను, రాయి మీద నీళ్లు పోస్తూ పనిచేయకూడదా అని. ఆయన మంచివాడే. "నీళ్లు పోస్తే గీత కనపడదు తల్లీ. గీత లేకుంటే కన్ను యాడ తీయాల?" అన్నాడు. అది నిజమే అనిపించి ఊరుకున్నాను. అప్పుడు మా నాయన సుత్తి కింద పెట్టాడు.

"కన్ను తీసేది మీరు కదా ఆచారీ. మోటు పనికి గీతేంది? నేను కంటితోనే కొడ్తా. నునుపు పట్టేదానికీ గీత అక్కర్లేదు. ఆ రెండింటికీ నీళ్లు పెట్టుకుంటే దుమ్ము చానా వరకు లేవదు. మీ సన్నపని ఆ పక్క వసారాకు మార్చండి, గాలికి వీపు పెట్టి. క్యారియర్లు గేటు కాడ పెడ్దాం."

అక్కడికక్కడ తోచిన మాటలు కావవి. ఆచారికి కూడా అది అర్థమైంది. "ఇన్నేండ్లు చెప్పలేదే దేవదానం?"

"ఎవురన్నా అడిగినారా?" అన్నాడు నాయన. మాటలో కోపం లేదు, ఉన్న సంగతి చెప్పాడంతే.

ఆ సాయంకాలం ఇద్దరం కలిసి ఇంటికి నడిచాం. ఎక్స్‌రే మాట మళ్లీ ఎత్తాను. నాయన "ఆ దిక్కులేనోడు అనేది కొట్టేస్తావా?" అని అడిగాడు. పేజీ మొత్తం చించేశానని చెప్పాను. "అట్లయితే వస్తా" అన్నాడు.

ఆ వారమే నంద్యాలకు వచ్చాడు. డాక్టరు ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టి చూపించాడు. రెండు వైపులా సన్నటి పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు. లోపలికి పోయిన దుమ్ము బయటికి రాదనీ, ఇక పోకుండా చూసుకోవడమొక్కటే మన చేతిలో ఉందనీ చెప్పాడు. నాయన ఆ ఫిల్మును చాలాసేపు చూశాడు. "ఇదంతా రాయేనా సార్?" "రాయే." తల ఊపాడు. బయటికి వచ్చాక నేను ఏడుస్తుంటే బస్టాండు దగ్గర హోటలుకు తీసుకుపోయి ఉగ్గాని బజ్జి పెట్టించాడు. "తిను. నీళ్ల పని మొదలైంది. తొట్టి కట్టినారు" అన్నాడు. నన్ను ఓదార్చడానికి ఆయన దగ్గర ఉన్న మాట అదే. ఆ తర్వాత మోటు పని మానేసి నీళ్లతో నునుపు పట్టేదానికీ, కొత్తవాళ్లకు రాయి చూపించేదానికీ మారాడు.

పేజీ మళ్లీ రాశాను. "మా నాయన రాతిపని చేస్తాడు. ఒకరోజు ఆ పని నాకు చూపించాడు" అని మొదలుపెట్టి, చూసింది చూసినట్టు రాశాను. టైపు ఇన్‌స్టిట్యూటులో ఒక్క అక్షరం తప్పినా పేజీ మొత్తం మళ్లీ కొట్టాల్సిందే. నాలుగోసారికి కుదిరింది. పరీక్ష రాశాను, ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. మూడో రోజు ఐదుగురి ముందు కూర్చోబెట్టారు. మధ్యలో ఉన్న పెద్దావిడ నా పేజీ చేతిలో పట్టుకుని, నీళ్లు పెట్టాలన్న ఆలోచన ఎవరిదని అడిగింది. నాదని చెప్పుకోవచ్చు, అక్కడ ఎవరికి తెలుసు? మా నాయనదని చెప్పాను. "మరి నువ్వేం చేశావు?" అంది. "రోజంతా కూర్చుని చూశాను. తర్వాత అడిగాను" అన్నాను. ఆ ఒక్కచోట మాత్రం నేను తడబడలేదు.

సీటు వచ్చిన ఉత్తరం ఆళ్లగడ్డ ఇంటికి పోయింది. నాయన దాన్ని షెడ్డుకు పట్టుకుపోయి ఆచారి కొడుకుతో చదివించాడు. అంటే నాకంటే ముందు రాతిపని వాళ్లందరికీ తెలిసింది. ఒళ్లు కూడా కడుక్కోకుండా దొరికిన బస్సెక్కి నంద్యాల వచ్చేశాడు. వార్డు వాకిట్లో ఆయా అడ్డుకుని ఎవరు నువ్వని అడిగిందట. "నేను సిస్టర్ ఎస్తేరు వాళ్ల నాయనను" అన్నాడు, వార్డు మొత్తానికి వినపడేలా. మేట్రనమ్మ తన గదిలోకి పిలిచి కుర్చీ వేసింది. ఆమె బల్లమీద రాలిన దుమ్ము ఆయన తువ్వాలతో తుడవబోతే, "ఉండనీ అన్నా" అంది.

ఆ తరువాత పదకొండేళ్లు బతికాడు. డాక్టరు అనుకున్నదానికంటే ఎక్కువే. నేను చదువు ముగించుకుని నంద్యాలకే వచ్చి నర్సింగు పిల్లలకు పాఠాలు చెప్పాను, పోయినేడు రిటైరయ్యాను. ఇప్పుడు షెడ్లలో యంత్రాలొచ్చాయి. మా నాయన పదిరోజులు కొట్టిన పని ఒక పూటలో అయిపోతుంది, దుమ్ము మాత్రం మబ్బులాగా లేస్తుంది. కొన్నిచోట్ల నీళ్ల పైపులున్నాయి, కొన్నిచోట్ల మాస్కులు గడ్డాల కింద వేలాడుతుంటాయి. కీర్తనకు టైపు తిప్పలు లేవు, పోస్టు కోసం ఎదురుచూపులు లేవు. ఎక్కడో ఉన్న వాళ్లు ఫోనులో ఇంటర్వ్యూ నేర్పుతారు. నేను తప్పి దుప్పట్లు మడిచిన లెక్కలు ఆ పిల్ల ఆడుతూ చేస్తుంది. నాకంటే బాగా చదువుకుంది, అది చూసి సంతోషమే. ఏం రాయమంటావని అడిగితే, నీ పనిచోటనే ఒకరోజు పనిచేయకుండా కూర్చో అన్నాను. నిన్న ఫోను చేసింది. సెలవు పెట్టి, తన వార్డు బయట రోగుల వాళ్లు కూర్చునే బెంచీ మీద పొద్దున్నుంచి కూర్చుందట. "పెద్దమ్మా, ఈడ నుంచి చూస్తే మేము వేరేగా కనపడ్తాండాం" అంది. సీటు వస్తుందో రాదో నాకు తెలియదు. ఆ మాట వినగానే ఈ పిల్లకు ఈ చదువు తగుతుందనిపించింది.

అప్పట్లో నా ఎమ్మెస్సీ మొదటి ఏడాది సెలవుల్లో ఏదైనా పనిచోట ఆరోగ్యం గురించి మాట్లాడి రమ్మని కాలేజీ వాళ్లు పంపారు. నేను మా షెడ్డే ఎంచుకున్నాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక పనివాళ్లంతా బండల మీద కూర్చున్నారు, ఒక పక్కన కుర్చీలో ఆచారి. నాయన అందరికంటే ముందు. దుమ్ము గురించి, ఎక్స్‌రే గురించి చెప్పి, అడగాల్సింది ఉంటే అడగమన్నాను. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు, మధ్యమధ్య ఆచారి వైపు చూస్తున్నారు. అప్పుడు మా నాయన లేచాడు.

"సిస్టరమ్మా, ఒక మాట అడగాల" అన్నాడు, నన్ను ఎన్నడూ చూడనట్టు. "ఎక్స్‌రేలో చుక్కలు కనపడితే పనిలోంచి తీసేస్తారా?"

అందరి గొంతులో ఇరుక్కున్న ప్రశ్న అదే. దానికి జవాబు చెప్పాల్సింది నేను కాదు. నాయన కూడా నా వైపు చూడటం లేదు. ఆచారి కుర్చీలో కదిలాడు. "నిన్ను తీసేసినానా దేవదానం?" అన్నాడు.

"లేదు ఆచారీ. ఆ మాట వీళ్లకు గూడా చెప్పండి."

ఆచారి పనివాళ్ల వైపు తిరిగాడు. "ఎవుర్నీ తీసెయ్యను. పని మార్చి ఇస్తా" అన్నాడు.

"విన్నారు కదప్పా. సోమవారం నంద్యాలకు ఎవురెవురు వస్తాండారు, చేతులెత్తండి" అన్నాడు నాయన. మొదట ఒక చెయ్యి, తర్వాత మూడు, తర్వాత అందరివీ. నేను పేర్లు రాసుకుంటున్నాను. చివరి పేరు రాసి తలెత్తేసరికి, కుర్చీలో కూర్చున్నచోటనే, ఎవరి వైపూ చూడకుండా, ఆచారి తన చెయ్యి పైకెత్తి ఉన్నాడు.

నాయన నా పక్కకు వచ్చి వంగి, మెల్లగా అన్నాడు. "ఆ పేరు గూడా రాయమ్మా."